ఓపీ చిట్టీ మీద ఒక వాదులాట

2022 మార్చి 5న తెలంగాణ ప్రభుత్వం ఈ-హెల్త్ ప్రొఫైల్ పథకాన్ని రెండు జిల్లాల్లో మొదలుపెట్టింది. ములుగులో అప్పటి ఆరోగ్య మంత్రి హరీశ్‌రావు, రాజన్న సిరిసిల్ల జిల్లాలో అప్పటి మంత్రి కేటీఆర్ ఒకే రోజు ప్రారంభించారు. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వెళ్లాలి. 18 ఏళ్లు దాటినవాళ్ల ఎత్తు, బరువు, బీపీ, షుగర్ చూడాలి, రక్తం తీసుకోవాలి. ఆ వివరాలన్నీ ఒక్కో మనిషికి ఒక్కో నంబరు కింద కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఇదీ ఆలోచన. పక్కనే ఉన్న జగిత్యాల జిల్లా ఆ మొదటి విడతలో లేదు.

జిల్లా గీతలు 2016 అక్టోబరులో గీసినవి. జబ్బుపడ్డ మనిషి వాటిని చూసుకుని నడవడు. రుద్రంగి, చందుర్తి సిరిసిల్ల జిల్లా మండలాలు. అక్కడివాళ్లు ఒక రోజు వేములవాడ దవాఖానకు పోతారు, ఇంకో రోజు కథలాపూర్ మీదుగా కోరుట్లలో దిగుతారు. మనిషి బస్సెక్కి జిల్లా దాటుతాడు. అతని ప్రొఫైల్ దాటదు.

ఈ సంగతి మీద గట్టిగా వాదించుకున్నవాళ్లిద్దరూ డాక్టర్లే, పైగా మేనమామా మేనకోడలూ. ఆయన కోరుట్లలో ముప్పై ఏళ్లకు పైగా ప్రాక్టీసు చేస్తున్న ఫిజీషియన్. ఆమె సిరిసిల్ల జిల్లాలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసరు. ఆదివారం జగిత్యాలలో చుట్టాలింట్లో కలిశారు. పేర్లు అక్కర్లేదు. ప్రతి ఊళ్లోనూ ఈ వాదనకు ఇటొకరు, అటొకరు ఉన్నారు.

వాదన ఒక కవరుతో మొదలైంది. ఇద్దరు డాక్టర్లు ఒకేచోట దొరికారని ఆ ఇంటి పెద్దమ్మ తన బట్టల దుకాణం కవరు తెచ్చి ముందర పెట్టింది. అందులో మడతల దగ్గర చిరిగిన ఓపీ చిట్టీలున్నాయి. ఇంకు వెలిసిపోయి గీతలు కనిపించని ఈసీజీ కాగితం ఉంది. తేదీ లేని షుగర్ రిపోర్టొకటి. నాలుగు గోలీలు మిగిలిన ఒక అట్ట ఉంది, అదీ మందు పేరున్న వైపు కత్తిరించిపోయిన అట్ట.

“చూడుండ్రి మామా,” అన్నది మేనకోడలు. “ఈ కవరు చూసి పెద్దమ్మకు బీపీ ఎన్నేండ్ల సంది ఉన్నదో చెప్పుండ్రి.”

“కవరును ఎందుకడుగుత? ఆమెనే అడుగుత.”

“అడిగితే ‘తెల్ల గోలీ పొద్దుగాల, పచ్చ గోలీ రాత్రి’ అంటది. తెల్ల గోలీలు ఎన్ని రకాలున్నయి మామా? కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేసిండ్రు, అప్పుడు ఎంతున్నది? ఆమెకు తెల్వదు, చిట్టీల లేదు. ఉన్నా మన డాక్టర్ల చేతిరాత దేవుడే చదవాలె.”

చేతిరాత మాటలో చరిత్ర ఉంది. నల్లగొండలో మందుల షాపు నడిపే చిలుకూరి పరమాత్మ అనే ఫార్మసిస్టు, చేతిరాత ప్రిస్క్రిప్షన్లను ఆపాలని 2014లో హైదరాబాద్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. నోయిడాలో ఒక చిన్నారికి తప్పు ఇంజెక్షన్ పడి ప్రాణం పోయిందన్న వార్త ఆయన్ను కదిలించింది. రెండేళ్లకు, 2016లో, మందుల పేర్లు చదవగలిగేటట్టు, వీలైతే పెద్ద అక్షరాల్లో రాయాలని భారత వైద్య మండలి నిబంధన తెచ్చింది. నిబంధన వచ్చి ఇన్నేళ్లయినా చిట్టీ చేతికిస్తే చదవగలిగేది ఆ డాక్టరు పక్కనున్న మెడికల్ షాపువాడొక్కడే అన్న పరిస్థితి చాలా చోట్ల ఇంకా ఉంది.

మామ నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. “రాత బాగలేకుంటే రాత మార్చుకోవాలె. దానికి కంప్యూటర్ ఎందుకు? పేషంట్ లోపటికొచ్చి కుర్చీల కూసునేలోపట సగం రోగం తెలుస్తది నాకు. నడకల తేడా, ఆయాసం, కాళ్ల వాపు. నేను స్క్రీన్ దిక్కు చూస్తే ఆ నడక ఎవరు చూస్తరు?”

ఆయన అక్కడితో ఆగలేదు, లెక్క వేశాడు. ఓపీ తొమ్మిదికి మొదలై ఒంటిగంట దాకా నడిస్తే 240 నిమిషాలు. వచ్చినవాళ్లు 120 మంది అయితే మనిషికి రెండు నిమిషాలు. “అందుల ఒక నిమిషం టైపింగ్‌కు పోతే మిగిలింది ఒక్క నిమిషం. ఆ నిమిషంల స్టెత్ పెట్టాల్నా, కడుపు నొక్కాల్నా, చెప్పింది వినాల్నా?”

ఇది గాలిలో కట్టిన లెక్క కాదు. 67 దేశాల్లో ప్రాథమిక వైద్యుడు ఒక రోగితో గడిపే సమయాన్ని పోల్చిన అధ్యయనం 2017లో బీఎంజే ఓపెన్ పత్రికలో వచ్చింది. స్వీడన్‌లో 22 నిమిషాలకు పైగా ఉంది, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. మన దేశానిది రెండు నిమిషాల దగ్గర తేలింది. రెండు నిమిషాల వైద్యంలో ఒక నిమిషం తీసుకునే ఏ యంత్రమైనా, ఎంత మంచిదైనా, ముందు రోగికి జవాబు చెప్పుకోవాలి.

అమెరికా అనుభవమూ ఆయన పక్షానే నిలుస్తుంది. అక్కడ 2009లో హైటెక్ చట్టం చేసి, ఎలక్ట్రానిక్ రికార్డులకు మారిన డాక్టర్లకూ ఆస్పత్రులకూ ప్రభుత్వం వేల కోట్ల డాలర్లు ప్రోత్సాహకంగా ఇచ్చింది. కొన్నేళ్లలోనే దాదాపు అన్ని ఆస్పత్రులూ మారాయి. 2016లో 57 మంది డాక్టర్లను దగ్గరుండి గమనించిన ఒక అధ్యయనంలో, రోగి ముందు గడిపే ప్రతి గంటకూ డాక్టరు మరో రెండు గంటలు రికార్డుల మీద, బల్లపని మీద పెడుతున్నాడని తేలింది. “అక్కడ మనోళ్లను అడుగు,” అన్నాడు మామ. “రాత్రి పిల్లలు పన్నంక లాప్‌టాప్ ముందట కూసుంటరు. ఆ నోట్ల సగం బిల్లింగ్ కోసం రాసేదే. నిన్నటి నోట్ కాపీ కొట్టి ఇయ్యాల పెడ్తరు. అది రోగికి పనికొచ్చే రికార్డు కాదు బిడ్డా, ఇన్సూరెన్స్ కంపెనీకి పనికొచ్చే రికార్డు.”

“ఒప్పుకుంట,” అన్నది మేనకోడలు. “అమెరికాల డాక్టర్‌తోటి టైప్ చేయించిండ్రు. అది వాళ్ల తప్పు. మనం ఎందుకు చెయ్యాలె? బీపీ సిస్టర్ చూస్తది, సిస్టరే ఎక్కిస్తది. బరువూ అంతే. నాకు మిగిలింది ఏమున్నదని, మందులు రాసుడే కదా. నెలనెలా వచ్చే బీపీ పేషంట్‌కు పోయిన నెల మందులే మల్ల ఇయ్యాల్నంటే ఒక్కసారి నొక్కితే అయిపోతది. మీరు అవే నాలుగు గోలీల పేర్లు నెలనెలా చేత్తోటి మల్లమల్ల రాస్తున్నరు గదా, దానికి టైం పడ్తలేదా?”

దీనికి మామ దగ్గర వెంటనే జవాబు లేదు. బీపీ, షుగర్ వంటి ఏళ్ల తరబడి నడిచే జబ్బుల్లో ఓపీ పని చాలావరకు పాతదాన్ని కొనసాగించడమే. జ్వరం, దగ్గు, విరేచనాల కేసులో పాత రికార్డు లేకపోయినా వైద్యం ఆగదు. పదేళ్ల షుగర్ మనిషికి నిన్నటి అంకె తెలియకపోతే ఇవాళ్టి అంకెకు అర్థమే లేదు. ఇద్దరూ ఒకే ఓపీ గురించి మాట్లాడుతున్నట్టు కనిపించినా, ఆయన మనసులో ఉన్నది కొత్త రోగి, ఆమె మనసులో ఉన్నది పాత రోగి.

ల్యాబు మాట ఆమే తెచ్చింది. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ 2018లో హైదరాబాద్‌లో మొదలైంది. 2021 జూన్ 9న ఒకేసారి 19 జిల్లాల్లో ల్యాబులు తెరిచారు, వాటిలో జగిత్యాల, సిరిసిల్ల రెండూ ఉన్నాయి. మొదట 57 రకాల పరీక్షలు ఉచితంగా చేశారు, 2023లో వాటిని 134కు పెంచారు. పీహెచ్‌సీలో రక్తం తీసి ట్యూబు మీద బార్‌కోడ్ అతికిస్తారు. బండి వచ్చి జిల్లా ల్యాబుకు తీసుకెళ్తుంది. అక్కడ యంత్రం ఆ బార్‌కోడ్ చదివి ఫలితాన్ని నేరుగా ఆ మనిషి పేరు కిందే చేరుస్తుంది. రిపోర్టు ఇటు పీహెచ్‌సీకి ఆన్‌లైన్‌లో వస్తుంది, అటు రోగి ఫోనుకు మెసేజీగా పోతుంది. చేత్తో రాసి, చేత్తో ఎత్తిరాసే దశలు తగ్గిన కొద్దీ ఒకరి రిపోర్టు ఇంకొకరికి పోయే ప్రమాదమూ తగ్గుతుంది. థైరాయిడ్ పరీక్షకు ఒక రోజు కూలీ పోగొట్టుకుని పట్నం ప్రైవేటు ల్యాబుకు పోవాల్సిన బీడీ కార్మికురాలికి ఇది చిన్న సౌకర్యం కాదు.

“మెసేజ్ ఎవరి ఫోన్‌కు పోతది?” అని అడిగాడు మామ.

“పేషంట్ ఇచ్చిన నంబర్‌కు.”

“మా కోరుట్లల ఇంటికొకరు దుబాయ్‌లనో మస్కట్‌లనో ఉంటరు. ముసలామె కౌంటర్‌ల ఏ నంబర్ చెప్తది? కొడుకు నంబర్. రిపోర్టు దుబాయ్ పోతది. ఆయన డ్యూటీ దిగినంక చూసుకుంటడు, ఇంగ్లీష్‌ల ఉంటది, అర్థం గాదు. ముసలామె ఇంట్లనే ఉంటది.”

చిన్న మాటగా అన్నా పెద్ద లోపాన్ని చూపించాడు. రికార్డు వ్యవస్థలన్నీ మనిషికొక ఫోనుందని నమ్ముకుని కట్టినవే. ఓపీ లైను తగ్గించడానికి 2022లో తెచ్చిన స్కాన్ అండ్ షేర్ పద్ధతి కూడా అంతే. కౌంటర్ దగ్గరి క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే పేరు, వయసు, ఊరు వాటంతట అవే చేరి టోకెన్ నంబరు వస్తుంది. ఫోను ఉన్న యువకుడికి అరగంట ఆదా. ఓపీలో ఎక్కువసార్లు కనిపించేది మాత్రం యువకులు కాదు, ముసలివాళ్లు.

ఈ మాటల మధ్యలోనే పక్కింటి ఏఎన్ఎమ్ పెద్దమ్మను పలకరించడానికి వచ్చింది. పల్లెల్లో ఏళ్లు తిరిగిన మనిషి. సంగతి విని కాసేపు ఊరుకుంది. తర్వాత మాట్లాడింది, ఇద్దరు డాక్టర్లూ విన్నారు.

“మీరిద్దరూ ఎక్కియ్యాల్నా వద్దా అంటున్నరు గని, ఎక్కించేది మేము సార్. గర్భిణులకు ఆర్‌సీహెచ్, బీపీ షుగర్‌కు ఎన్‌సీడీ, టీబీకి నిక్షయ్, టీకాలకు యూ-విన్, జ్వరాలకు ఐహెచ్ఐపీ. ఒక్కొక్కదానికి ఒక్కొక్క యాప్. ఒకే మనిషి పేరు నాలుగు తాన్ల కొట్టాలె. ఆన్‌లైన్ వచ్చినంక రిజిస్టర్లు బంద్ చేస్తరనుకున్నం. రిజిస్టర్లు ఉన్నయి, యాప్‌లూ ఉన్నయి. పొద్దంతా కాగితం మీద రాసి, రాత్రి ఇంట్ల సిగ్నల్ వచ్చినంక ఎక్కిస్తం.”

“అన్నీ గట్లనేనా?” అని అడిగింది మేనకోడలు.

“ఒక్కటి గట్ల లేకుండె. కేసీఆర్ కిట్ వచ్చినప్పుడు ఎంట్రీ కోసం తల్లులే మా వెంటపడ్డరు. చెకప్ ఎంట్రీ అయితేనే పైసలు పడేది గదా. తప్పు పడితే తెల్లారే వచ్చి అడిగేటోళ్లు.”

వాదనలోకెల్లా విలువైన మాట ఆమె నోటినుంచే వచ్చిందని చెప్పాలి. 2017 జూన్‌లో మొదలైన ఆ పథకంలో మగబిడ్డ పుడితే 12 వేలు, ఆడబిడ్డ పుడితే 13 వేల రూపాయలు తల్లి ఖాతాలో విడతలుగా పడేవి. గర్భం నమోదు, పరీక్షలు, కాన్పు, టీకాలు ఒక్కొక్కటీ కంప్యూటర్లో చేరితేనే ఆ విడత కదిలేది. ఎక్కించిన అంకె తల్లికి ఏదో ఒకటి తిరిగి తెచ్చింది కాబట్టి, తప్పు పడితే సరిచేయించే కాపలా కూడా తల్లే అయింది. పైకి నివేదికగా మాత్రమే పోయే అంకెకు అలాంటి కాపలా ఎవరూ ఉండరు. రాత్రి పదింటికి అలసిన చేత్తో కొట్టిన బీపీ 120/80 అని ఉంటే దాన్ని ఎవరు ప్రశ్నిస్తారు? ఓపీ గదికి తిరిగి రాని డేటా ఎన్ని లక్షల మందిదైనా వైద్యం కిందికి రాదు. ఈ-హెల్త్ ప్రొఫైల్‌ను కూడా ఈ కొలతతోనే చూడాలి. ఎంతమంది రక్తం తీశారన్నది ఒక ప్రశ్న. వాళ్లలో ఒకరు కుర్చీలో కూర్చున్నప్పుడు డాక్టరు ముందు ఆ ప్రొఫైల్ తెరుచుకుందా అన్నది అసలు ప్రశ్న.

డేటా ఓపీ గదికి తిరిగి వచ్చేటట్టు కట్టుకున్నవాళ్లు మన మధ్యనే ఉన్నారు. గుళ్లపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి 2010లో ఐస్మార్ట్ పేరుతో సొంతంగా రికార్డు వ్యవస్థను తయారుచేసుకుంది. డాక్టర్లే ముందుండి, తాము ఓపీలో ఏ వరసలో కన్ను చూస్తారో ఆ వరసలోనే తెరలు కట్టించుకున్నారు. హైదరాబాద్‌లోని పెద్ద ఆస్పత్రి, జిల్లాల్లోని ఆస్పత్రులు, పల్లెల్లోని విజన్ సెంటర్లు ఒకే రికార్డు మీద పనిచేస్తాయి. మొదటి ఎనిమిదేళ్లలోనే 20 లక్షలకు పైగా రోగుల వివరాలు అందులో చేరాయి. పల్లెలో విజన్ టెక్నీషియన్ రాసిందే పట్నంలో సర్జన్ చదువుతాడు. రోగి వెంట కవరు మోసుకుపోవాల్సిన పని లేదు.

“అది ఒక్క అవయవం, ఒక్క సంస్థ,” అన్నాడు మామ. “నా తానికి వచ్చేటోడు ముందు ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటడు, తర్వాత సర్కారు దవాఖానకు పోతడు, అక్కడ తగ్గకుంటే నా తానికొస్తడు. మీ రికార్డుల ఆర్ఎంపీ ఉన్నడా? నేనున్ననా?”

“లేరు,” అన్నది ఆమె. “లేకుంటే ఏమైతదో చెప్త వినుండ్రి. సిరిసిల్లల సాంచెల మీద పన్నెండు గంటలు నిలబడేటోనికి నడుం నొప్పి. బీడీలు చుట్టే ఆమెకు మెడ నొప్పి. ఇద్దరికీ షుగర్, ఇద్దరికీ క్రియాటినిన్ ఎక్కువ. నా రిపోర్టుల ఉంటది ఆ సంగతి. ఊర్ల పోయి నొప్పి సూది వేయించుకుంటరు, డైక్లోఫెనాక్. మల్ల పది రోజులకు ఇంకోటి. కిడ్నీ పోతది. సూది వేసినాయనకు రిపోర్టు తెల్వదు, రిపోర్టు చూసిన నాకు సూది సంగతి తెల్వదు. ఇది ఎవరి చేతిరాత తప్పూ గాదు మామా. ఒకరి సంగతి ఒకరికి తెల్వకపోవుడే రోగం.”

“మరి ఆర్ఎంపీకి పాస్‌వర్డ్ ఇస్తవా?”

“ఇయ్య. చిట్టీ మీద తెలుగుల ప్రింట్ ఇస్త. ‘ఈమెకు కిడ్నీ బలహీనం, నొప్పి సూదులు వెయ్యొద్దు’ అని పెద్ద అక్షరాలల్ల. కంప్యూటర్ ఉన్నదంటే కాగితం ఉండొద్దని ఎవరన్నరు?”

మామ మొదటిసారి తలూపాడు. ఎలక్ట్రానిక్ రికార్డు అంటే కాగితం లేని దవాఖాన అన్న భ్రమ అధికారుల్లో ఉంది, అమ్మేవాళ్లలో మరీ ఉంది. ఆ భ్రమ వల్ల రోగి చేతికి వచ్చేది తగ్గిపోతోంది. కొన్నిచోట్ల చిట్టీ మీద కేవలం ఒక నంబరు, ఒక బార్‌కోడ్ ఉంటాయి. ఆ నంబరు వెనక ఏముందో రోగికి తెలియదు, పక్క ఊరి డాక్టరుకూ తెలియదు.

అయితే రికార్డు ఎవరి చేతిలో ఉండాలన్న చోట మాత్రం మామే గెలిచాడు. ఆయన వాదన కోరుట్ల, మెట్‌పల్లి, జగిత్యాల ఇళ్లలో అందరికీ తెలిసిన గల్ఫ్ మెడికల్ మీద నిలబడింది. గల్ఫ్ వీసాకు ముందు ఆమోదం ఉన్న కేంద్రంలో వైద్య పరీక్ష చేయించుకోవాలి. ఎక్స్‌రే, రక్త పరీక్షల ఫలితం ఆన్‌లైన్‌లోకి ఎక్కుతుంది. ఎప్పుడో నయమైపోయిన టీబీ ఊపిరితిత్తి మీద మచ్చ వదిలి ఉంటే చాలు, అన్‌ఫిట్. ఆ మాట గల్ఫ్ సహకార మండలి దేశాలన్నిటికీ కనిపిస్తుంది. “మా దిక్కు పిలగానికి మొట్టమొదటి కంప్యూటర్ రికార్డు అదే బిడ్డా,” అన్నాడాయన. “దాన్ని వాడు మార్చలేడు. అప్పు తెచ్చి ఏజెంట్‌కు కట్టిన పైసలు పోతయి. రికార్డంటే వాడికి వైద్యం కాదు, వీసా రద్దు. ఇప్పుడు సర్కారు వచ్చి ఇంకో రికార్డు చేస్తమంటే భయపడడా?”

ఆమె నియమాలు చెప్పింది. ప్రధాని 2020 ఆగస్టు 15న ప్రకటించి, 2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ విస్తరించిన డిజిటల్ ఆరోగ్య పథకంలో ఆభా అనే 14 అంకెల నంబరు తీసుకోవడం ఐచ్ఛికం. రికార్డులన్నీ ఒకేచోట పోగుచేయరు. తయారైన దవాఖానలోనే అవి ఉంటాయి, రోగి ఒప్పుకుంటేనే మరో డాక్టరుకు కనిపిస్తాయి. 2023 ఆగస్టులో వ్యక్తిగత డేటా రక్షణ చట్టమూ వచ్చింది.

“ఒప్పుకోవుడు అంటే ఓటీపీ చెప్పుడే కదా?” అన్నాడు మామ. “ఈ పెద్దమ్మ ఓటీపీ ఎవరడిగినా చెప్తది. బ్యాంకోళ్లమని ఫోన్ చేసినోళ్లకు కూడా చెప్తది. 2022 నవంబర్‌ల ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్‌నే దొంగలు పట్టుకున్నరు. రెండు వారాల దాకా అంత పెద్ద దవాఖాన కాగితాల మీద నడిచింది. మన పీహెచ్‌సీ కంప్యూటర్ పాస్‌వర్డ్ ఎక్కడుంటది? మానిటర్‌కు అంటించిన కాగితం మీద.”

ఆమె కాదనలేదు. ఒక జబ్బు పేరు బయటపడితే పెళ్లి సంబంధం తప్పిపోయే ఊళ్లలో, ఉద్యోగమూ వీసా పోయే ఊళ్లలో, సమ్మతి అన్నది ఫోనులో వచ్చే కొన్ని అంకెలుగా మిగిలిపోతే అది సమ్మతి కాదు. ఏం రాస్తున్నారు, ఎవరు చూస్తారు, వద్దంటే ఏమవుతుంది అన్నది రోగికి తెలుగులో, నోటితో చెప్పాలి. ఆ చెప్పడానికీ ఆ రెండు నిమిషాల్లోనే సమయం దొరకాలి.

చివరి అంకం బీపీ మీద నడిచింది. 2017 నవంబరులో ఐదు రాష్ట్రాల్లో మొదలైన భారత అధిక రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ ఒకటి. నాలుగైదు మందులతో ఒకే చికిత్స పద్ధతి, దగ్గరి ఆరోగ్య కేంద్రంలో నెలకు సరిపడా గోలీలు, రోగికొక చికిత్స కార్డు. 2022లో దానికి ఐక్యరాజ్యసమితి అవార్డు దక్కింది. చాలాచోట్ల అది మొదట కాగితం కార్డులతోనే నడిచింది, కొన్ని రాష్ట్రాల్లో సింపుల్ అనే యాప్ వాడారు. పేరుకు తగ్గట్టే ఆ యాప్‌లో బీపీ అంకె, మందులు, మళ్లీ వచ్చే తేదీ కొడితే చాలు, సెకన్లలో అయిపోతుంది.

“చూసినవా, కాగితం కార్డుతోటి కూడా నడిచింది,” అన్నాడు మామ.

“నడిచింది. కార్డు వచ్చినోళ్ల సంగతి చెప్తది. రానోళ్ల సంగతి ఎవరు చెప్తరు? మూడొందల కార్డులు ముందటేసుకుని ఎవరి తేదీ దాటిపోయిందో తీయాల్నంటే సిస్టర్‌కు ఒక రోజు పడ్తది. యాప్‌ల అయితే పొద్దున తెరవంగనే లిస్ట్ ఉంటది. అందరికీ ఫోన్ చేస్తం. సగం మంది ‘ఏం నొస్తలేదు, ఆపేసిన’ అంటరు. వాళ్లకే గదా పక్షవాతం వచ్చేది.” కాసేపు ఆగి అడిగింది. “మామా, మీ తానికొచ్చే బీపీ పేషంట్లల పోయిన ఏడాది గోలీలు బంద్ చేసినోళ్లు ఎంతమంది?”

“నాకెట్ల తెలుస్తది? రానోడు రాడు,” అన్నాడాయన. తర్వాత కాసేపు మాట్లాడలేదు. “అది మాత్రం కావాలె బిడ్డా. ఆ లిస్ట్ ఒక్కటి నాకు కావాలె.”

అక్కడ వాళ్లు ఏకాభిప్రాయానికి వచ్చారని అనలేం. ఆయన తన గదిలో తెర పెట్టనన్నాడు, బయట కాంపౌండర్ బల్ల మీద పెడతానన్నాడు. ఆమె దానికైనా సరే అన్నది. గల్ఫ్ మెడికల్ సంగతికి జవాబు తన దగ్గర లేదని కూడా చెప్పింది.

ఈ వ్యాసకర్త తీర్పు ఏఎన్ఎమ్ చెప్పిన దగ్గరే నిలబడుతుంది. కొత్త యాప్ తెచ్చిన రోజే దాని పాత రిజిస్టరు ఆపాలి. ఒకే మనిషి పేరు నాలుగు పోర్టళ్లలో కొట్టించడం ఆపాలి. పెద్ద ఓపీలున్న చోట డేటా ఆపరేటర్‌ను ఇవ్వకుండా డాక్టరు ముందు కంప్యూటరు పెట్టకూడదు. అన్ని జబ్బులూ ఒకేసారి ఎక్కించబోయి అన్నీ సగం చేసేకంటే, బీపీ, షుగర్, గర్భిణులు, టీబీతో మొదలుపెట్టి సిరిసిల్ల రికార్డు కోరుట్లలో తెరుచుకునేటట్టు చేస్తే అది ఇంటింటి సర్వేకన్నా ఎక్కువ ప్రాణాలు కాపాడుతుంది. ప్రైవేటు డాక్టర్లను పక్కనపెట్టి కట్టే ఏ రికార్డయినా ఈ జిల్లాల్లో సగం వైద్యాన్నే చూస్తుంది.

పాఠకులకు ఒక మాట. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం దవాఖానలో చేరిన రోగి రికార్డును మూడేళ్లు దాచాలి. రోగి తన వైద్య రికార్డు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కానీ దాచే బాధ్యత గురించి చెప్పిన చోట ఓపీ రోగి మాట లేదు. ఓపీ చిట్టీకి ఇవాళ్టికీ మీ ఇల్లే బీరువా. అందుకని వచ్చే నెల గోలీలకు పోయినప్పుడు కౌంటర్‌లో దుబాయ్‌లో ఉన్న కొడుకు నంబరు కాకుండా ఇంట్లో ఉన్న కోడలి నంబరో, మీ సొంత నంబరో రాయించండి. రిపోర్టు ప్రింటు అడిగి తీసుకోండి. మందుల పేర్లు చదవరాకపోతే అక్కడే అడిగి తెలుగులో రాయించుకోండి. మీకు పడని మందు ఏదైనా ఉంటే అడగకపోయినా డాక్టరుకు చెప్పండి.